పాటను బట్టి నడిచే టెన్స్ పరికరం: ఆడియో మోడ్ అమరిక గురించి సాయం కావాలి

#1 శబ్దతరంగం

అందరికీ నమస్కారం. నా దగ్గర బ్యాటరీతో నడిచే రెండు ఛానెళ్ల టెన్స్ పరికరం ఉంది, అంటే చర్మానికి అతికించిన ప్యాడ్‌ల గుండా సన్నని కరెంటు స్పందనలు పంపి నొప్పి తగ్గించే చిన్న పెట్టె. దాని పక్కన 3.5 మిల్లీమీటర్ల ఆడియో సాకెట్, మోడ్ల జాబితాలో చివరన ‘ఆడియో’ అనే మోడ్ ఉన్నాయి. పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకం ఈ మోడ్ గురించి చెప్పేది ఒక్క వాక్యమే: సంగీతాన్ని కలిపి ఆనందించండి. కలిపాను. ఆనందం ఇంకా రాలేదు.

ప్యాడ్‌లు రెండూ ఒకే తొడ మీద పెట్టుకుంటాను. మామూలు మోడ్లలో ఏ ఇబ్బందీ లేదు. ఆడియో మోడ్‌లో మాత్రం పాట మొదట్లో వేణువు వినిపిస్తున్నంతసేపు చర్మానికి ఏమీ తెలియదు. సరే కదా అని నాబ్ పెంచుతాను. తాళవాద్యాలు అందుకోగానే సూదులతో పొడిచినట్టు ఉంటుంది. తగ్గిస్తే మళ్లీ ఏమీ ఉండదు. పాట అయ్యేదాకా నాబ్ మీద చెయ్యి తీయడానికి వీల్లేదు.

లాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి తీగతో ఇస్తున్నాను. అప్పుడప్పుడు బ్లూటూత్ రిసీవర్ కూడా వాడాను. లోపం పాటలో ఉందా, పెట్టెలో ఉందా, నా అమరికలో ఉందా?

#2 పాతరేడియో

ముందు మీ పెట్టె ఏ జాతిదో తేల్చాలి. ‘ఆడియో మోడ్’ అనే ఒకే పేరు కింద పూర్తిగా వేరైన రెండు పద్ధతులు నడుస్తున్నాయి.

మొదటి పద్ధతిలో కరెంటు స్పందనలను పెట్టే తయారు చేస్తుంది. సంగీతం నుంచి అది తీసుకునేది బిగ్గరతనం ఒక్కటే. పాట ఎత్తుపల్లాల గీతను, అంటే ఎన్వలప్‌ను, గీసుకుని ఆ గీత ప్రకారం తన స్పందనల బలాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. చర్మానికి చేరేది పాట కాదు, పాట నడిపిస్తున్న టెన్స్ స్పందన.

రెండో పద్ధతిలో పాట తరంగమే ఆంప్లిఫయర్, ట్రాన్స్‌ఫార్మర్ దాటుకుని నేరుగా ప్యాడ్‌లకు వెళుతుంది. స్పీకరుకు వెళ్లాల్సింది ఒంటికి వెళుతుందన్నమాట.

తేల్చుకునే పరీక్ష సులువు. 1000 హెర్ట్‌జ్ స్వరం ఒకటి, 200 హెర్ట్‌జ్ స్వరం ఒకటి, రెండూ ఒకే బిగ్గరతనంతో తయారు చేసుకోండి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నిమిషం పని. నాబ్ సున్నాలో పెట్టి, స్వరాన్ని వదిలి, తెలిసీ తెలియనంత వరకు మాత్రమే పెంచండి. స్వరం మార్చే ముందు మళ్లీ సున్నాకు రండి. రెండింటికీ ఒకే రకం జివ్వుమనే స్పర్శ ఉంటే మీది మొదటి పద్ధతి. స్వరంతోపాటు స్పర్శ స్వభావం కూడా మారితే రెండోది. జవాబు తెలిశాక మిగతాది మాట్లాడుకుందాం.

#3 టంకం

ఆ పెట్టెతో ఎందుకండీ తంటా? చిన్న క్లాస్-డి ఆంప్లిఫయర్ బోర్డు, పాత అడాప్టర్ల నుంచి పీకిన రెండు ట్రాన్స్‌ఫార్మర్లు తిరగేసి కలిపితే సరిపోతుంది. సాయంత్రం కూర్చుంటే రాత్రికి తయారు. ఎన్వలప్ గొడవే ఉండదు, పాట ఉన్నది ఉన్నట్టు తెలుస్తుంది. మొదటి పద్ధతి పెట్టెలు సంగీతాన్ని సగం చంపేస్తాయని నా అభిప్రాయం.

#4 పాతరేడియో

టంకం గారూ, మీ చేతి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ సలహాను కొత్తవాళ్లు చదివే చోట ఇలా వదిలేయకూడదు.

ఆ చిన్న బోర్డుల్లో ఎక్కువ భాగం బ్రిడ్జి పద్ధతివి. స్పీకరు తీగలు రెండింటిలో ఏదీ గ్రౌండ్ కాదు. 12 వోల్టుల సరఫరా ఇస్తే రెండు తీగలూ గ్రౌండ్‌తో పోలిస్తే దాదాపు 6 వోల్టుల దగ్గర నిలబడి ఉంటాయి. రెండు ఛానెళ్ల ‘మైనస్’ తీగలను కలిపేసే అలవాటు ఉన్నవాళ్లు బోర్డును కాల్చుకుంటారు. ఒక తీగను మాత్రమే వాడి రెండో వైపు గ్రౌండ్ అనుకునేవాళ్లు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఏకముఖ విద్యుత్తును పంపుతారు. దాని ఇనుప కోరు సంతృప్తమై, అంటే ఇక అయస్కాంతత్వం పట్టలేని స్థితికి చేరి, తరంగం వంకర పోతుంది. ట్రాన్స్‌ఫార్మరే లేకుండా కలిపితే ఆ ఏకముఖ విద్యుత్తు చర్మానికే చేరుతుంది. అప్పుడు ఒక ప్యాడ్ కింద ఆమ్లం, మరో ప్యాడ్ కింద క్షారం పుడతాయి. అది రసాయనిక కాలిన గాయం. పైకి నొప్పి పెద్దగా తెలియకుండానే ఏర్పడగలదు.

ఇక సరఫరా. గోడ ప్లగ్గుకు కలిపిన అడాప్టర్‌లో ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున మధ్యలో మిగిలేది ఆ పీకిన ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. అది మనిషికీ మెయిన్స్‌కూ (గోడ కరెంటుకూ) మధ్య కాపలా కాయడానికి తయారైన వస్తువు కాదు.

#5 నిర్వాహకులు

టంకం గారి సలహాను తొలగించడం లేదు, దాని కింద వచ్చిన జవాబుతో కలిపి చదవడమే మేలు కాబట్టి. అయితే ఇంట్లో తయారు చేసే ఆంప్లిఫయర్ల బొమ్మలు, కలిపే పటాలు ఈ చర్చలో పెట్టవద్దు. చర్చ ఆడియో ఇన్‌పుట్‌తో వచ్చే, బ్యాటరీతో నడిచే తయారీ పరికరాలకే పరిమితం.

#6 కండరగండం

ఫిజియోథెరపీ నా వృత్తి. పేరు చూసి భయపడకండి. ఏ పద్ధతి పెట్టె అయినా వర్తించే మాటలు ఒకసారి చెప్పేస్తాను, తర్వాత మీ సర్క్యూట్ల జోలికి రాను.

గుండెకు పేస్‌మేకర్, డిఫిబ్రిలేటర్ వంటివి అమర్చినవారు దీన్ని ముట్టుకోకూడదు. గర్భిణులు, మూర్ఛ ఉన్నవారు వైద్యులతో మాట్లాడకుండా వాడకూడదు. మెడ ముందు భాగం పూర్తిగా నిషిద్ధం. అక్కడ కెరోటిడ్ సైనస్ ఉంటుంది, దాన్ని ఉద్దీపనం చేస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు. కళ్ల మీద, తల మీద, పుండ్ల మీద, స్పర్శ తెలియని చర్మం మీద వద్దు. ఛాతీ మీద వద్దు, ఛాతీకి అడ్డంగా కరెంటు వెళ్లే అమరిక అసలే వద్దు. ఒక జతలోని రెండు ప్యాడ్‌లూ ఒకే అవయవం మీద ఉండాలి. శబ్దతరంగం గారు తొడను ఎంచుకోవడం సరైన పని.

సంగీతంతో నడిపేటప్పుడు అదనపు చిక్కు ఒకటుంది. మామూలు మోడ్‌లో బలం మీ చేతిలో ఉంటుంది. ఆడియో మోడ్‌లో బలాన్ని వేరెవరో నిర్ణయిస్తారు: పాటను మిక్స్ చేసినవారు, మీ ఫోనుకు సందేశం పంపినవారు, మధ్యలో వచ్చే ప్రకటన తయారు చేసినవారు. అందుకే వాహనం నడుపుతూ, నిద్రపోతూ, నీళ్ల దగ్గర ఇది వద్దు.

#7 శబ్దతరంగం

అందరికీ ధన్యవాదాలు. స్వరాల పరీక్ష చేశాను. 1000కూ 200కూ స్పర్శ ఒక్కటే. జివ్వుమనడంలో తేడా ఏమీ లేదు. కాబట్టి నాది ఎన్వలప్ జాతి పెట్టె.

ఇంకో సంగతి గమనించాను. లాప్‌టాప్‌లో శబ్దాన్ని సగానికి తగ్గిస్తే స్పర్శ సగం కావాలి కదా? పూర్తిగా మాయమైంది. నాబ్ ఎంత పెంచినా రాలేదు.

#8 పాతరేడియో

మాయమవడం మంచి ఆధారం. మీ పెట్టె లోపల బిగ్గరతనాన్ని కొలిచేది సాదా డయోడ్ సర్క్యూట్ అయి ఉండాలి. సిలికాన్ డయోడ్ దాదాపు 0.6 వోల్టుల దాకా నోరు తెరవదు. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నిండు స్థాయిలో సుమారు 1 వోల్టు ఆర్‌ఎమ్‌ఎస్ (ఒక రకమైన సగటు విలువ) ఇస్తుందనుకుందాం, శిఖరం 1.4 వోల్టులు. దానికి 20 డెసిబెళ్లు తక్కువగా ఉన్న వేణువు 0.14 వోల్టులు. డయోడ్ దృష్టిలో అది నిశ్శబ్దమే. మీ నాబ్ డయోడ్ తర్వాత ఎక్కడో ఉంది, అందుకే దాన్ని ఎంత తిప్పినా లేనిది రాదు.

కాబట్టి లాప్‌టాప్ శబ్దాన్ని పైస్థాయికి దగ్గరగా, శిఖరాలు తెగిపోకుండా, ఒకచోట కట్టేయండి. దాన్ని మళ్లీ ముట్టుకోకండి. బలం పెంచడం, తగ్గించడం పెట్టె నాబ్‌తోనే. వరుస కూడా ముఖ్యం: నాబ్ సున్నా, తీగ కలపడం, ప్యాడ్‌లు అతికించడం, పాట మొదలుపెట్టడం, ఆ తర్వాతే నాబ్. ఆపేటప్పుడు ముందు నాబ్ సున్నాకు రావాలి, పాట తర్వాత. నడుస్తుండగా తీగ పీకితే ‘టప్’మనే శబ్దం పుడుతుంది. చెవికి అది చిన్న చికాకు. ఎన్వలప్ సర్క్యూట్‌కు అది పాటలోకెల్లా పెద్ద దెబ్బ.

దీంతో వేణువు సంగతి సగం తేలుతుంది. తాళం దెబ్బల సంగతి వేరు.

#9 ఓమ్ నియమం

ఆ రెండో సగం నాకు ఇష్టమైన విషయం, కాస్త సాగదీస్తాను.

1957లో ఎస్.ఎస్. స్టీవెన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సూత్రం ప్రతిపాదించారు. బయటి ప్రేరణ పెరిగితే మనకు కలిగే అనుభూతి దానికి ఏదో ఒక ఘాతంగా పెరుగుతుంది, ఆ ఘాతాంకం ఒక్కో ఇంద్రియానికి ఒక్కోలా ఉంటుంది. శబ్ద పీడనానికి ఆయన పట్టికలో ఉన్నది 0.67. వేళ్ల మీదుగా పంపిన విద్యుత్తుకు 3.5.

ఇప్పుడు లెక్క చూడండి. తరంగం ఎత్తు రెట్టింపు అయితే చెవికి 2 పవర్ 0.67, అంటే సుమారు 1.6 రెట్లు బిగ్గరగా వినిపిస్తుంది. చర్మానికి 2 పవర్ 3.5, అంటే 11 రెట్లు! మిక్సింగ్ చేసినవారు చెవికి నచ్చేలా పెట్టిన ‘కొంచెం గట్టి’ తాళం దెబ్బ మీ తొడకు పది రెట్లకు పైగా అవుతోంది. మీ పరికరం చెడిపోలేదు. పాటను చెవి కొలతతో తయారు చేశారు, మీరు చర్మం కొలతతో అందుకుంటున్నారు.

తర్వాతి ప్రయోగాల్లో 3.5 కంటే తక్కువ ఘాతాంకాలు కూడా వచ్చాయి. ప్యాడ్ పరిమాణం, స్పందన వెడల్పు మారితే విలువ మారుతుంది. అయినా సాధారణంగా శబ్దం కంటే నిటారుగానే ఉంటుంది.

మరి మందు? 0.67ను 3.5తో భాగిస్తే దాదాపు 0.19, అంటే అయిదింట ఒక వంతు. పాట ఎత్తుపల్లాలను డెసిబెళ్లలో అయిదో వంతుకు నొక్కితే చర్మానికి కలిగే పెరుగుదల చెవికి కలిగే పెరుగుదలతో సమానమవుతుంది. పాటలో చిన్నా పెద్దా శబ్దాల తేడాను తగ్గించే సాధనం కంప్రెసర్, దాని భాషలో అది 5:1 నిష్పత్తి. అందాజుగా పెట్టే అంకె అనుకున్నది లెక్కలోంచే రావడం నాకు భలే నచ్చింది.

#10 నిశిరాత్రి శ్రోత

క్షమించాలి, దీనితో ఏకీభవించను. సంగీతాన్ని నొక్కి పిప్పి చేయడం మీద చిరకాలంగా పోరాడుతున్నవాళ్లలో నేనొకడిని. ఇప్పటి పాటల్లో చాలావాటిని మాస్టరింగ్‌లోనే, అంటే విడుదలకు ముందు చేసే చివరి మెరుగులోనే, ఇటుకలా చదును చేస్తున్నారు. అలాంటి పాటను ఈ పెట్టెకు ఇస్తే మొదటి నుంచి చివరి దాకా ఒకే జివ్వు. దానికి పాటెందుకు? పెట్టెలో ఉన్న మామూలు మోడ్ చాలు. నేను పాత రికార్డింగులు వెతికి, గాయకుడి ఊపిరి కూడా వినిపించేవి ఎంచుకుంటాను. ఎత్తుపల్లాలు ఉంటేనే కదా అనుభవం.

#11 ఓమ్ నియమం

శ్రోత గారూ, చదును చేసిన పాట విసుగు తెప్పిస్తుందన్నది నిజం. కానీ అక్కడ జరిగింది వేరు, నేను చెప్పేది వేరు. మాస్టరింగ్‌లో శిఖరాలను ఒక గోడకు గుద్ది ఆపుతారు. పైభాగం అంతా ఒకే ఎత్తుకు వస్తుంది, చిన్నా పెద్దా తేడా చెరిగిపోతుంది. 5:1లో తేడా చెరిగిపోదు, చిన్నదవుతుంది. పెద్దది పెద్దదిగానే, చిన్నది చిన్నదిగానే వరుస తప్పకుండా ఉంటాయి.

మీరు మెచ్చే రికార్డింగులో వేణువుకూ మృదంగానికీ 36 డెసిబెళ్ల తేడా ఉందనుకోండి. నొక్కకపోతే అది వోల్టేజీలో 63 రెట్లు. చర్మానికి తొలిసారి తెలిసే కరెంటుకూ ‘ఇక చాలు’ అనిపించే కరెంటుకూ మధ్య ఉండేది కొద్ది రెట్లే. 63 రెట్లను అందులో ఇరికించలేం. 5:1తో 36 కాస్తా 7.2 డెసిబెళ్లు అవుతుంది, అంటే 2.3 రెట్లు. ఇది పడుతుంది. మీ పాత రికార్డింగులే దీనికి మంచి ముడిసరుకు, ఎందుకంటే నొక్కడానికి వాటిలో ఏదో ఒకటి మిగిలి ఉంది.

#12 నిశిరాత్రి శ్రోత

లెక్క అర్థమైంది. అయితే నొక్కిన ప్రతిని నా పాటల సంచిలో దాచుకోను. పెట్టె కోసం వేరే ఫైలు, వినడానికి అసలు ఫైలు. ఈ ఒక్క షరతు మీద ఒప్పుకుంటున్నాను.

#13 పాతరేడియో

అది షరతు కాదు, సరైన పద్ధతే. ఇంకా చెప్పాలంటే రెండూ ఒకేసారి కావాలి. చెవికి అసలు పాట, పెట్టెకు దాని ఎత్తుపల్లాలు. రెండు స్టీరియో అవుట్‌పుట్లున్న ఆడియో పరికరం ఉంటే నాలుగు ట్రాకుల ఫైలు చేసుకోవచ్చు: మొదటి రెండూ స్పీకర్లకు, తర్వాతి రెండూ పెట్టెకు.

ఏ భాగాన్ని పెట్టెకు ఇవ్వాలన్నది కూడా ఆలోచించండి. ఎన్వలప్ సర్క్యూట్‌కు మంద్ర స్వరాల మీద పక్షపాతం ఉంటుంది, సంగీతంలో శక్తి ఎక్కువగా ఉండేది అక్కడే కాబట్టి. పాటను ఉన్నదున్నట్టు ఇస్తే పెట్టెను నడిపేది డ్రమ్ము, బేస్ గిటారు మాత్రమే. గాయకుడు ఎంత కష్టపడ్డా మీ తొడకు తెలియదు. కంప్రెసర్ కంటే ముందు హై-పాస్ ఫిల్టర్ పెట్టి 250, 300 హెర్ట్‌జ్ కింద ఉన్నదంతా తీసేస్తే గొంతు, వేణువు, వీణ ముందుకు వస్తాయి. క్రమం తిరగబడితే కంప్రెసర్ ప్రతి డ్రమ్ము దెబ్బకూ గొంతును కూడా నొక్కేస్తుంది.

నాకు నచ్చిన అమరిక: కుడి ఛానెల్‌కు గొంతు ఉన్న మధ్య పట్టీ, ఎడమ ఛానెల్‌కు 150 హెర్ట్‌జ్ లోపలి తాళం మాత్రం. తొడ పై భాగంలో ఒక జత, మోకాలికి పైన ఇంకో జత. మృదంగం ఎడమ వైపు గుమ్మనే నాదం ఒకచోట, పాట ఒకచోట.

#14 శబ్దతరంగం

ఇప్పుడే చేసి చూశాను. లాప్‌టాప్ శబ్దం 90 శాతంలో కట్టేశాను. హై-పాస్ 300, ఆ తర్వాత కంప్రెసర్ 5:1, మొదలయ్యే స్థాయి మైనస్ 36 డెసిబెళ్లు (నిండు స్థాయిని సున్నాగా లెక్కించి). చివరన శిఖరాన్ని మైనస్ 3కు తెచ్చాను. వేణువు వచ్చింది! మొదటిసారి నాబ్ వదిలేసి కూర్చున్నాను.

రెండు చిక్కులు మిగిలాయి. పాట ఆగిపోయాక కూడా సన్నగా గిలిగింతలు పెట్టినట్టు ఉంటోంది. లాప్‌టాప్‌కు చార్జర్ పెడితే అది ఇంకా పెరుగుతోంది. రెండోది, కుడి ఛానెల్ పని చేస్తున్నా ఎడమ ఛానెల్ కొన్ని పాటల్లో చచ్చినట్టు ఉంటోంది.

#15 పాతరేడియో

చార్జర్ వెంటనే తీసేయండి. అది కేవలం రొద గురించి కాదు. ప్యాడ్‌లు ఒంటి మీద ఉన్నంతసేపు పరికరానికి కలిపిన ఏ వస్తువూ గోడ ప్లగ్గుకు కలిసి ఉండకూడదు. లాప్‌టాప్, స్పీకర్లు, టీవీ, చార్జింగ్‌లో ఉన్న ఫోను అన్నీ ఇందులోకే వస్తాయి. పెట్టె బ్యాటరీదే అయినా ఆడియో తీగ గ్రౌండ్ మీదుగా మీరు మెయిన్స్ వైపు ఉన్న పరికరానికి కలుస్తారు. మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే రొద పోతుంది, మంచిదే. కానీ ఆ చిన్న డబ్బాలు రొద కోసం తయారైనవి, ప్రాణరక్షణకు కాదు. దాన్ని నమ్ముకుని చార్జర్ పెట్టకండి.

బ్యాటరీ మీద కూడా మిగిలే గిలిగింత కంప్రెసర్ పని. నిశ్శబ్దంలో ఉన్న ‘హుస్’ శబ్దాన్ని కూడా అది పైకి లేపుతుంది. కంప్రెసర్ ముందు నాయిస్ గేట్ (ఒక స్థాయి కంటే చిన్న శబ్దాలను ఆపేసే సాధనం) పెట్టి మైనస్ 45 డెసిబెళ్ల దగ్గర కోస్తే పోతుంది.

ఎడమ ఛానెల్ గురించి: ఎడమకు 150 లోపలి తాళం పెట్టారా, లేక రెండింటికీ హై-పాస్ 300 పెట్టారా?

#16 శబ్దతరంగం

రెండింటికీ 300 పెట్టాను. ఎడమకు వేరేగా ఏమీ చేయలేదు.

#17 టంకం

అయితే తీగ చూడండి. ప్లగ్గు మీద నల్ల గీతలు ఎన్ని ఉన్నాయి? రెండు గీతలుంటే స్టీరియో: కొన ఎడమ, మధ్య వలయం కుడి, మొదలు గ్రౌండ్. మూడు ఉంటే మైకు కూడా ఉన్న హెడ్‌సెట్ ప్లగ్గు. దాన్ని మామూలు స్టీరియో సాకెట్లో పెడితే గ్రౌండ్ సరిగ్గా అందక ఎడమ, కుడి ఛానెళ్ల మధ్య తేడా మాత్రమే మిగిలే అవకాశం ఉంది. గాయకుడి గొంతు సాధారణంగా రెండింటిలో సమానంగా ఉంటుంది కాబట్టి ముందు మాయమయ్యేది అదే. ఒక్క గీతే ఉంటే మోనో ప్లగ్గు, అది లాప్‌టాప్ కుడి అవుట్‌పుట్‌ను నేరుగా గ్రౌండ్‌కు కలిపేస్తుంది.

తీగ బాగుంటే లోపం పాటలో ఉంది. పాత స్టీరియో రికార్డింగుల్లో కొన్నింటిలో గొంతు పూర్తిగా ఒక వైపు, వాద్యాలు ఇంకో వైపు ఉంటాయి. ఆడాసిటీలో మోనోకు కలిపి, దాన్ని రెండు ప్రతులు చేసుకుని, ఒక్కోదానికి వేర్వేరు ఫిల్టర్ పెట్టండి. రెండు అవుట్‌పుట్లను తీగతోనే ముడేసి మోనో చేయాలని మాత్రం చూడకండి. ఒక ఆంప్లిఫయర్ ఇంకోదానితో కుస్తీ పడుతుంది.

పాతరేడియో గారూ, ఈసారి నా సలహా నచ్చిందా?

#18 పాతరేడియో

నచ్చింది. సర్టిఫికెట్ కావాలంటే ఇస్తాను.

#19 కొత్తతీగ

ఆలస్యంగా వచ్చాను. బ్లూటూత్‌తో ఎందుకు చేయకూడదు? తీగ లేకపోతే చార్జర్ గొడవ కూడా ఉండదు కదా.

#20 ఓమ్ నియమం

ఆ రెండో మాటలో నిజం ఉంది. గాలిలో నుంచి వచ్చే సంకేతానికి గ్రౌండ్ తీగ లేదు. రిసీవర్ కూడా బ్యాటరీతో నడిస్తే మెయిన్స్ నుంచి విడదీత విషయంలో తీగ కంటే మేలు.

ఇబ్బంది ఆలస్యంతో. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 100 నుంచి 250 మిల్లీసెకన్లు వెనకపడుతుంది. మీరు వినేదీ ఆ రిసీవర్ నుంచే అయితే సమస్య లేదు, రెండూ కలిసే వెనకపడతాయి. పాటను లాప్‌టాప్ స్పీకర్లలో వింటూ పెట్టెకు బ్లూటూత్ ఇస్తే తాళం ముందు చెవికి, తర్వాత తొడకు వస్తుంది. అప్పుడు పెట్టె ట్రాక్‌ను ఫైల్లోనే అంతమేర ముందుకు జరపాలి. ఎన్వలప్ సర్క్యూట్ కూడా కొంత ఆలస్యం చేస్తుంది, దాన్నీ కలుపుకోండి.

ఇంకొకటి, బ్లూటూత్ రిసీవర్లు చాలావరకు తమ సొంత శబ్దాలు చేస్తాయి. జత కలిసినప్పుడు ‘టింగ్’, బ్యాటరీ తగ్గినప్పుడు ‘బీప్’. అవి మీ ఫైల్లో లేనివి, మీ కంప్రెసర్ దాటనివి, నిండు స్థాయిలో వచ్చేవి. శబ్దతరంగం గారి మొదటి సూదుల్లో కొన్ని వీటివే అయినా ఆశ్చర్యపోను.

#21 కండరగండం

దీనికి తోడు: ఫోను వాడితే విమాన మోడ్‌లో పెట్టండి. పాటను ముందే దించుకుని వినండి. నేరుగా ప్రసారమయ్యే సేవల్లో మధ్యలో వచ్చే ప్రకటన పాట కంటే గట్టిగా ఉంటే అది చెవికి చికాకు, ఇక్కడ చురక.

సంగీతం వల్ల వైద్యపరంగా లాభం ఉందా అని ఒకరు వ్యక్తిగత సందేశంలో అడిగారు. ఇక్కడే చెబుతాను. 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన ద్వార సిద్ధాంతం ప్రకారం స్పర్శను మోసే మందపాటి నాడీ తంతువులను కదిలిస్తే వెన్నుపాము దగ్గర నొప్పి సంకేతానికి దారి ఇరుకవుతుంది. టెన్స్ వెనుక ఉన్న ఆలోచన అదే. అయితే మారని స్పందనకు నాడులు త్వరగా అలవాటు పడతాయి. కాసేపటికి పెట్టె ఆగిపోయిందేమో అనిపిస్తుంది. అందుకే మంచి పరికరాల్లో స్పందన వెడల్పునూ వేగాన్నీ దానంతటదే మార్చే మోడ్ ఉంటుంది. సంగీతం చేసేదీ ఆ మార్పే. అంతకు మించి పాటకు మందు గుణం ఉందని నేను చెప్పను. హాయిగా ఉంటుంది, అది చాలదా?

#22 టంకం

నాకూ ఒక ప్రశ్న ఉంది. ఆంప్లిఫయర్ తయారీ సంగతి వదిలేయండి, తయారై వచ్చిన రెండో పద్ధతి పెట్టెలు కూడా ఉన్నాయి. వాటిలో డ్రమ్ము దెబ్బ మరీ ఎందుకు కొరుకుతుంది? అక్కడ డయోడ్ లేదు, ఎన్వలప్ లేదు.

#23 ఓమ్ నియమం

ఎందుకంటే నాడి స్పందించేది కరెంటు ఎత్తుకు మాత్రమే కాదు, అది ఎంతసేపు ఒకే దిశలో ప్రవహించిందన్నదానికి కూడా. టెన్స్ స్పందన వెడల్పు సాధారణంగా 50 నుంచి 250 మైక్రోసెకన్లు. 10 మిల్లీఆంపియర్లు 200 మైక్రోసెకన్లు ప్రవహిస్తే ఒక్కో దశకు 2 మైక్రోకూలంబుల ఆవేశం. అదే 10 మిల్లీఆంపియర్ల శిఖరంతో 100 హెర్ట్‌జ్ స్వరం నేరుగా వస్తే అర్ధ చక్రం 5 మిల్లీసెకన్లు, ఆవేశం దాదాపు 32 మైక్రోకూలంబులు. పదహారు రెట్లు. 1000 హెర్ట్‌జ్ స్వరానికైతే 3.2 మాత్రమే. అందుకే నేరు పద్ధతిలో మంద్ర స్వరం కండరాన్ని పట్టి లాగుతుంది, తారస్వరం పైపైన గీరి వదిలేస్తుంది.

దీనికి తోడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తక్కువ పౌనఃపున్యంలో తొందరగా సంతృప్తమవుతాయి. అదే వోల్టేజీకి పౌనఃపున్యం తగ్గేకొద్దీ కోరులో అయస్కాంత అభివాహం పెరుగుతుంది. కాబట్టి ఆ పెట్టెలకు 100 హెర్ట్‌జ్ కింద ఉన్నది ఫైల్లోనే తీసేయడం మంచిది. అక్కడ తాళం కావాలంటే మంద్ర స్వరాన్ని ఇవ్వకుండా దాని ఎన్వలప్‌తో 800, 1000 హెర్ట్‌జ్ స్వరాన్ని నడపాలి. ఫిజియోథెరపీలో ఇంటర్‌ఫెరెన్షియల్ పద్ధతి 4000 హెర్ట్‌జ్ దగ్గరి రెండు తరంగాలను కలిపి తక్కువ వేగపు ఊగిసలాటను పుట్టించేది కూడా ఇలాంటి ఆలోచనతోనే.

#24 కండరగండం

ప్యాడ్‌ల మాట ఎవరూ ఎత్తలేదు. వైద్య ఉద్దీపన పరికరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60601-2-10లో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీఆంపియర్ల ఆర్‌ఎమ్‌ఎస్ దాటే చోట ప్రత్యేక శ్రద్ధ అవసరమని హెచ్చరిక ఉంది. 5 సెంటీమీటర్ల చదరపు ప్యాడ్‌కు 25 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం. 3 సెంటీమీటర్ల గుండ్రటి ప్యాడ్‌కు 7 మాత్రమే. జిగురు పోయి సగం లేచిన పెద్ద ప్యాడ్ చిన్న ప్యాడ్ కిందే లెక్క. కంప్రెసర్ అంతా సరిగ్గా పెట్టినా అంచు దగ్గర గిచ్చుతోందంటే ప్యాడ్ మార్చే సమయం వచ్చింది.

#25 శబ్దతరంగం

తీగ స్టీరియోదే, రెండు గీతలున్నాయి. లోపం పాటలోనే ఉంది. మోనో చేసి విడదీశాక ఎడమ వైపు తాళం, కుడి వైపు గొంతు చక్కగా వస్తున్నాయి. గేట్ పెట్టాక నిశ్శబ్దం నిజంగా నిశ్శబ్దంగా ఉంది. ప్యాడ్‌లు కూడా మార్చాను.

ఒక్క సందేహం. తాళం ఒక చేతికి, గొంతు ఇంకో చేతికి వచ్చేలా రెండు ముంజేతుల మీద ఒక్కో జత పెట్టవచ్చా? ఒక్కో జత ఒకే చేతి మీద ఉంటుంది కాబట్టి కండరగండం గారు చెప్పిన నియమం తప్పినట్టు కాదు కదా?

#26 పాతరేడియో

పైకి అలాగే అనిపిస్తుంది. కానీ మీ పెట్టెలో రెండు ఛానెళ్లకూ లోపల గ్రౌండ్ ఒక్కటే అయితే ఎడమ చేతి ప్యాడ్ నుంచి కుడి చేతి ప్యాడ్‌కు కూడా దారి ఉంటుంది. ఆ దారి ఛాతీ గుండా పోతుంది. ప్యాడ్‌లు తీసేసి, పెట్టె ఆపేసి, బ్యాటరీలు బయటపెట్టి, మల్టీమీటరును ఓమ్‌ల మీద ఉంచి మొదటి ఛానెల్ కొనల నుంచి రెండో ఛానెల్ కొనలకు నాలుగు జతలూ కొలవండి. ఏ ఒక్క జతలో తక్కువ ఓమ్‌లు కనిపించినా గ్రౌండ్ ఒక్కటే అన్నమాట. నాలుగూ తెగి ఉన్నట్టు చూపినా అది పూర్తి హామీ కాదు. నడుస్తున్నప్పుడు లోపల ట్రాన్సిస్టర్ల మీదుగా దారి తెరుచుకునే పెట్టెలూ ఉన్నాయి, మీటరుకు అది కనపడదు.

#27 కండరగండం

కొలిచినా కొలవకపోయినా రెండు చేతులు వద్దు. రెండు జతలూ ఒకే కాలి మీద పెట్టుకోండి.

#28 శబ్దతరంగం

సరేనండి. తొడ మీద ఒకటి, పిక్క మీద ఒకటి.